బడి పెత్తనము

తెలుగునాట ఏ పల్లెకు పోయినను ఉన్నత పాఠశాల ద్వారముపైన ‘జిల్లా పరిషత్’ అను పేరు కానవచ్చును. చిన్నబడి గోడపైన ‘మండల పరిషత్’ అని యుండును. ఆ అక్షరములను నమ్మినచో బడి ఆ జిల్లా ప్రజలది, ఆ మండల ప్రజలది. లోనికి పోయి విచారించినచో సంగతి వేరుగా నుండును. పంతులుగారిని ఎన్నిక చేసినది రాష్ట్ర ప్రభుత్వపు డి.యస్.సి. పరీక్ష. ఆ పరీక్షకు ముందు నెగ్గవలసిన టెట్‌ను 2010లో విధించినది ఢిల్లీలోని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. మధ్యాహ్న భోజనపు ఖర్చులో కొంత కేంద్రముది, కొంత రాష్ట్రముది. బడిలో ఎందరు పిల్లలున్నారు, ఎన్ని గదులున్నవి, కుళాయిలో నీరు వచ్చుచున్నదా లేదా యను లెక్క లన్నియు ఏటేట యూడైస్ పేరిట ఢిల్లీకి చేరును. పరిషత్తుకు మిగిలినది గోడమీది పేరే యనుట అతిశయోక్తి కావచ్చును గాని అబద్ధము మాత్రము కాదు.

విద్యపై అధికారము కేంద్రమునకు ఉండవలెనా, రాష్ట్రమునకు ఉండవలెనా అను వివాదము ఇటీవల మరల వేడెక్కినది. 2020 జూలైలో వెలువడిన జాతీయ విద్యావిధానమును తమిళనాడు అంగీకరింపలేదు. ఆ విధానమునకు మాదిరిగా నుండవలసిన బడుల కొరకు కేంద్రము 2022లో పెట్టిన పి.యం. శ్రీ పథకపు ఒప్పందముపై ఆ రాష్ట్రము సంతకము చేయలేదు. ఆ కారణము చేతనే సమగ్ర శిక్ష క్రింద 2024–25కు తనకు రావలసిన 2,152 కోట్ల రూపాయలను ఆపివేసిరని 2025 మే నెలలో అది సుప్రీంకోర్టు కెక్కినది. అదే నెలలో, తమిళనాడు, కేరళ, పశ్చిమ బెంగాలు ప్రభుత్వములచే జాతీయ విధానమును బలవంతముగా అమలు చేయింపవలెనని కోరిన మరియొక వ్యాజ్యమును ఆ న్యాయస్థానము త్రోసివేసినది. తెలుగు రాష్ట్రములు రెండును ఒప్పందములో చేరినవి గనుక ఇచ్చట అంత రభస లేదు. అయితే ఈ వ్యాజ్యములలో గాని, పత్రికల వాదోపవాదములలో గాని వినబడునవి రెండే గొంతుకలు. ఒకటి ఢిల్లీది, రెండవది రాష్ట్ర రాజధానిది. బడి యున్న ఊరు ఏమనుకొనుచున్నదో అడుగువారు లేరు. ఒకప్పుడు ఆ ఊరే బడికి సర్వాధికారి యని తలచుకొన్నప్పుడు ఈ మౌనము మరింత వింతగా తోచును.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని బడుల లెక్క తీయుడని కలెక్టర్లకు ఉత్తరువు పంపెను. 1826 నాటికి చేరిన లెక్కలో ప్రెసిడెన్సీ మొత్తమున 12,498 బడులు, 1,88,650 మంది చదువరులు తేలిరి. అవి సర్కారు పెట్టిన బడులు కావు. వీధి అరుగుపైననో, చెట్టు నీడనో సాగిన వీధిబడులు. పంతులుకు జీతము ఊరివారు కొలిచి యిచ్చు గింజలు. దసరా పండుగకు పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికి పోగా దొరకు మామూలు. ఏమి చెప్పవలెనో, ఎప్పుడు సెల వియ్యవలెనో అతడును ఊరివారును కలిసి నిర్ణయించుకొందురు. పైనుండి వచ్చి చూచు ఇనస్పెక్టరు లేడు.

ఇంతవరకు చదివి ఆహా యనుకొనువారు ఆ లెక్కలోనే బళ్లారి కాగితములను కూడ చూడవలెను. అప్పటి బళ్లారి కలెక్టరు క్యాంబెల్ సామాన్యుడు కాడు. అంతకు కొన్నేండ్ల ముందు ఆంగ్లమున తెలుగు వ్యాకరణము వ్రాసిన పండితుడు. తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని 1823లో అతడు నివేదించెను. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. ఆ ఆరువేల పైబడిన పిల్లలలో ఆడపిల్లలు అరువదిమంది. మాలమాదిగల బిడ్డలకు సాధారణముగా ఆ అరుగు ఎక్కు యోగ్యతయే లేదు. ఊరి బడి ఊరిదే. కాని ఊరనగా ఎవరు అను ప్రశ్నకు ఆ నాటి ఊరు చెప్పిన సమాధానము అది. స్థానికాధికారమును కీర్తించువారు ఈ అరువది అను సంఖ్యను దాటిపోరాదు. పెత్తనము పైపైకి ప్రాకుటకు తొలి కారణము ఇందులోనే యున్నది.

1854లో ఉడ్ పంపిన తాఖీదుతో ప్రతి రాష్ట్రమునకు విద్యాశాఖ, దానికొక డైరెక్టరు, గ్రాంటులు, తనిఖీలు ఏర్పడినవి. 1882 నాటి హంటర్ కమిషను ప్రాథమిక విద్యను స్థానిక బోర్డులకును పురపాలక సంఘములకును అప్పగింపుమనెను. ‘బోర్డు స్కూలు’ అను మాట తెలుగు జిల్లాలలో పుట్టినది అట్లు. నైజాము తెలంగాణమున కథ మరియొక తీరున నడచినది. అచ్చట పెత్తనము మొదటినుండియు హైదరాబాదుదే. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగెను. తెలుగు బిడ్డకు తన భాషలో పెద్దచదువు లేదు. ఊరివారు పూనుకొని ప్రైవేటు బడి పెట్టుకొందమన్నను సర్కారు అనుమతి కావలెను. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను తొలి ఆంధ్రమహాసభ కూడినప్పుడు తెలంగాణమువారి ఆవేదనలో ఈ బడి గొడవ ముఖ్యమైనది. ఒక ప్రాంతము బోర్డు ప్రెసిడెంటును చూచి భయపడినది, మరియొక ప్రాంతము రాజధానిలోని సర్కారును చూచి భయపడినది. ఈ రెండు అనుభవములును 1956లో ఒకే రాష్ట్రములోనికి వచ్చి చేరినవి.

ఊరికి అధికార మిచ్చియు బిడ్డకు న్యాయము చేయవచ్చునని తలచినవాడు గోపాలకృష్ణ గోఖలే. 1911 మార్చిలో ఆయన కేంద్ర శాసనసభలో పెట్టిన బిల్లు ఎంత వినయమైనదో నేటివారికి చదివినచో ఆశ్చర్యము కలుగును. దేశమంతట నిర్బంధ విద్య అని ఆయన కోరలేదు. ఇష్టమున్న పురపాలక సంఘమో, జిల్లా బోర్డో, ప్రభుత్వానుమతితో తన హద్దులలో నిర్బంధము విధించుకొనవచ్చును. దానికై ప్రత్యేకముగా పన్ను వేసికొనవచ్చును. అంతమాత్రమే. మరుసటి సంవత్సరము మార్చిలో 13 ఓట్లు అనుకూలముగను 38 వ్యతిరేకముగను పడి బిల్లు వీగిపోయినది. ఆ ఓటమితో ఒక దారి మూసికొనిపోయినది. పైవాడు సొమ్మునకు హామీ యిచ్చి, క్రిందివాడు పని నడుపుకొనుట అను ఏర్పాటు అప్పుడే వేరూని యుండినచో తరువాతి శతాబ్దపు వివాదము ఇంకొక విధముగా నుండెడిదేమో.

స్థానిక సంస్థలకు తెలివి లేదు, పైవారికే దూరదృష్టి యను వాదమునకు ఒక చిన్న జవాబు మద్రాసు నగరమున కలదు. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టిగారు అధ్యక్షులుగా నుండగా నగర కార్పొరేషను థౌజండ్ లైట్సు ప్రాంతపు బడిలో పిల్లలకు పగటిపూట ఫలాహారము పెట్ట నిశ్చయించినది. పిల్లవాని కొక్కింటికి దినమునకు అణాకు మించరాదని కట్టుబాటు. పేదపిల్లలు బడికి రాకపోవుటకు ఆకలి కారణమని ఢిల్లీలో ఎవరును చెప్పకముందే ఒక పురపాలక సంఘమునకు తెలిసినది. 1956లో కామరాజు ఆ పనిని రాష్ట్రమంతట చేపట్టెను. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల లన్నిటిలో వండిన అన్నము పెట్టవలెనని సుప్రీంకోర్టు దేశమునకంతకు ఆజ్ఞ యిచ్చినది 2001 నవంబరులో. ఒక నగరపు బడినుండి ఢిల్లీ చేరుటకు ఆ ముద్దకు ఎనుబది యొక్క సంవత్సరములు పట్టినది.

ఇంతటి బోర్డులే మరియొక చోట అపకీర్తి పాలైనవి. 1929లో హార్టాగ్ సంఘము తీసిన లెక్క యిది: 1922–23లో ఒకటవ తరగతిలో నున్న నూరుగురు పిల్లలలో, 1925–26 నాటికి నాలుగవ తరగతిలో మిగిలినవారు 18 మంది. బోర్డులకు మితిమీరిన స్వేచ్ఛ యిచ్చిరని ఆ సంఘము తప్పుపట్టెను. ఆ నూరుగురిలో 82 మంది మధ్యలో రాలిపోవుటకు బోర్డుల అసమర్థత ఎంత కారణమో, కూలినాలి కెంత పాలున్నదో సంఘము విడదీసి చూచినట్లు తోచదు.

1950 జనవరిలో రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడు విద్య రాష్ట్ర జాబితాలో 11వ అంశమాయెను. విశ్వవిద్యాలయముల ప్రమాణములు మొదలగు కొన్నిటిని మాత్రము కేంద్రము తనవద్ద ఉంచుకొన్నది. పదునాలుగేండ్లవరకు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలో సమకూర్ప యత్నింపవలెనని 45వ అధికరణము చెప్పినది. పదేండ్లు గడచెను, ఇరువదేండ్లును గడచెను. 1964లో నియమితమైన కొఠారి కమిషను ఈ అధికార విభజనను నిదానముగా పరిశీలించి, విద్యను రెండు ముక్కలుగా చీల్చి ఒకటి ఉమ్మడి జాబితాలోను ఒకటి రాష్ట్ర జాబితాలోను పెట్టుట కూడదనియు, ఉన్న ఏర్పాటే మేలనియు అధికసంఖ్యాకుల అభిప్రాయముగా చెప్పెను. పదేండ్లకు, అత్యవసర పరిస్థితి నడుచుచుండగా, ప్రతిపక్ష నాయకులు పలువురు చెరలలో నుండగా, 42వ సవరణ వచ్చినది. విద్య ఉమ్మడి జాబితాలో 25వ అంశమున చేరెను. అదే సవరణతో ఆ జాబితాకు తరలినవి అడవులు, తూనికలు-కొలతలు, వన్యమృగ పక్షి సంరక్షణ. చదువులతల్లి ఈ పరివారముతో ప్రయాణము చేయుట ఎవరికిని వింతగా తోచినట్లు లేదు. 1978 నాటి 44వ సవరణ అత్యవసర కాలపు మార్పులను పెక్కింటిని సరిదిద్దెను గాని విద్య రాష్ట్రములకు తిరిగి రాలేదు.

ఈ నడుమ ఆంధ్రప్రదేశమున ఒక ప్రయోగము జరిగినది. దీనిని ఉపాధ్యాయులు మరువలేరు. 1959లో పంచాయతీరాజ్యము వచ్చి ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి పోయినవి. కాగితముమీద ఇంతకంటె ప్రజాస్వామ్యము లేదు. ఆచరణలో బడిపంతులు సమితి అధ్యక్షుని దయాదాక్షిణ్యములకు చిక్కెను. ఎన్నికలలో ఎవరివైపు నిలిచినాడు, ఎవరి గడపకు రాలేదు అను లెక్కనుబట్టి బదిలీ కాగితము వచ్చునన్న భయము ఆ తరము ఉపాధ్యాయులను వెన్నాడినది. ఆ నాటి కథలు ఉపాధ్యాయ సంఘముల పాతకాపులను అడిగినచో కోకొల్లలుగా చెప్పుదురు. జీతము ట్రెజరీనుండి రావలెను, బదిలీకి నియమము లుండవలెను, స్థానిక నాయకుని చేయి దానిపై పడరాదు అని పోరాడినవారు ఉపాధ్యాయులే. వారు కోరినది న్యాయము. అయితే ఒక్కొక్క కోరిక తీరినప్పుడెల్ల ఒక్కొక్క అధికారము ఊరినుండి రాజధానికి పోయినది. నేడు బదిలీ కౌన్సెలింగులో పాయింట్లనుబట్టి జరుగును. అధ్యక్షుని గడప తొక్క నక్కరలేదు. పంతులు ఆ భయమునుండి బయటపడెను. ఊరికిని పంతులుకును నడుమ ఉన్న పాతముడి కూడ అప్పుడే సడలినది. సర్కారు ఉపాధ్యాయులు, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులు అను భేదము మాత్రము సర్వీసు నిబంధనల రూపమున దశాబ్దముల తరబడి న్యాయస్థానముల చుట్టు తిరిగినది.

పైనుండి వచ్చినదంతయు పెత్తనమే యనుట న్యాయము కాదు. క్యాపిటేషను ఫీజులను నిషేధించిన ఆంధ్రప్రదేశ్ చట్టము చుట్టు నడచిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున, పదునాలుగేండ్లలోపు బిడ్డకు చదువు ప్రాథమిక హక్కని 1993 ఫిబ్రవరిలో చెప్పినది సుప్రీంకోర్టు. దానినుండి 2002లో 21-ఎ అధికరణము, 2009లో విద్యాహక్కు చట్టము పుట్టినవి. బళ్లారి అరుగుపైకి ఎక్కలేని పిల్లకు ఏ ఊరును ఈయని హామీ అది. పల్లెలో ఆ పిల్లపక్షమున మాటలాడువారు లేకపోయినను చట్టము మాటలాడవలెను. దానికి ఢిల్లీ కావలెను. ఢిల్లీ సొమ్మును కావలెను. అయితే ఏ తరగతి ఏ గదిలో కూర్చుండవలెనో నిర్ణయించుటకు ఢిల్లీ అక్కరలేదు. ఈ రెండింటికిని గల భేదమును మరచుటవలననే నేటి చిక్కులలో సగము పుట్టినవి.

1993 ఏప్రిలులో అమలునకు వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. పదునేడవది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. అప్పగింపు మాత్రము ఆయా రాష్ట్రముల యిష్టము. ఢిల్లీ తన అధికారమును కాజేసినదని వాపోవు రాష్ట్రములు తమ చేతిలోనిది ఊరికి వదలుటలో చూపిన ఉత్సాహము స్వల్పము. తెలుగు రాష్ట్రములును దీనికి వేరు కావు.

ఆంధ్రప్రదేశమున ఇటీవలి కొన్ని యేండ్ల కథ చాలును. 2019లో ప్రభుత్వ పాఠశాలల నన్నిటిని ఆంగ్ల మాధ్యమములోనికి మార్చు ఉత్తరువులు వెలువడినవి. 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేసినది. (ఊరివారిని అడిగియుండినచో వారు తెలుగునే కోరియుందురని భాషాభిమానులు తలపరాదు. తల్లిదండ్రులలో పెక్కురు ఆంగ్లమునే కోరుట బడిలో పనిచేయువారికి తెలిసిన సంగతి.) 2022లో వేయి ప్రభుత్వ పాఠశాలలను కేంద్ర మాధ్యమిక విద్యా మండలి పరిధిలో చేర్చిరి, ప్రభుత్వము మారగా 2024లో వానినే మరల రాష్ట్ర పరీక్షలకు మరలించిరి. తొమ్మిదవ తరగతివరకు ఒక తీరు పరీక్షకు సిద్ధపడిన పిల్లవాడు పదవ తరగతిలో మరియొక తీరునకు తిరుగవలసివచ్చెను. మొదట చేర్చినవారును, పిదప మరలించినవారును విద్యార్థి మేలుకొరకే యనిరి. ఇక 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము, విద్యాహక్కు చట్టమునకు పూర్వము నియమితులై, ఉద్యోగవిరమణకు అయిదేండ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు రెండేండ్లలో టెట్ నెగ్గవలెను. ఇరువదేండ్లు పాఠము చెప్పిన పంతులుగారు ఇంట కుమార్తెతో కూడ ఒకే పుస్తకము ముందు కూర్చుండి చదువుకొనవలసిన దినములు వచ్చినవి. ఉపాధ్యాయుని అర్హతకు ప్రమాణ ముండుట అవసరమే. పాఠము చెప్పుచున్నవాని పాఠమును తరగతిలో కూర్చుండి చూచు ఇనస్పెక్టరు కరవై, ఆ లోటును దూరపు పరీక్షతో పూడ్చుకొనుట వేరు సంగతి.

అన్నిటికంటె స్పష్టమైన దృష్టాంతము 2022 జూనులో వెలువడిన 117వ నంబరు ఉత్తరువు. జాతీయ విద్యావిధానము చదువును అయిదు, మూడు, మూడు, నాలుగేండ్ల దశలుగా విభజించినది. మొదటి దశ అంగనవాడితో మొదలై రెండవ తరగతితో ముగియును. ఢిల్లీలో వ్రాసిన ఈ విభజన పాఠ్యక్రమమునకు సంబంధించినది. గోడలకు సంబంధించినది కాదు. రాష్ట్రమున దానికి గోడల అర్థము వచ్చినది. మూడు, నాలుగు, అయిదు తరగతులను చిన్నబడులనుండి తీసి సమీపపు ఉన్నత పాఠశాలలలో కలిపిరి. మూడవ తరగతినుండియే ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఉపాధ్యాయుడు లభించునను వాదములో పస లేకపోలేదు. అయిదు తరగతులను ఒక్క పంతులు నెట్టుకొనివచ్చు బడి ఎంత కష్టమో తెలిసినవారు దానిని తేలికగా తీసివేయరు. కాని వీధి చివరనున్న బడికి నడచిపోవు ఎనిమిదేండ్ల పిల్ల పెద్దరోడ్డు దాటి పోవలసివచ్చిన చోట తల్లులు గేటు ముందు బైఠాయించిరి. చిన్నబడిలో ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగులగా పిల్లల సంఖ్య పడిపోయినది.

విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఒక యాజమాన్య సంఘ ముండవలెను. అందు నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులు. సంఘమున సగము స్త్రీలు. బడి అభివృద్ధికి ప్రణాళిక ఆ సంఘమే వ్రాయవలెను. ఆ ప్రణాళికను ఆధారము చేసికొనియే ప్రభుత్వము సొమ్ము పంపవలెనని 22వ సెక్షను చెప్పును. మన్రో నాటి ఊరికి లేని గుణము ఈ సంఘమునకు కలదు. అందు కూలితల్లికి చోటున్నది, బలహీనవర్గముల బిడ్డల తల్లిదండ్రులకు వారి సంఖ్యనుబట్టి స్థానమున్నది. పెత్తనము దిగిరాదగిన చోటు ఏదైన నున్నదా యనిన, చట్టము దానిని ఇదివరకే కట్టి యుంచినది. తరగతులను తరలించునప్పుడు ఈ సంఘముల తీర్మానము కావలెనని ఉత్తరువు కోరియుండినచో, కొన్ని ఊళ్లు సరే యనియుండును, కొన్ని కాదనియుండును. రోడ్డు లేని ఊరును, బడిప్రక్కనే ఉన్నత పాఠశాల యున్న ఊరును ఒకే జవాబు చెప్పవలసిన అవసరమేమి? అట్లు అడుగుట జరుగలేదు. ఆ సంఘముల సభ్యులే పలుచోట్ల బడి గేటు ముందు బైఠాయించినవారిలో నుండిరి.

2025లో ఆ ఉత్తరువు రద్దయినది. ఉన్నత పాఠశాలలకు పోయిన చిన్న తరగతులు మరల ప్రాథమిక పాఠశాలలకు చేరినవి. 2022 జూనులో మూడవ తరగతిలో ఊరిబడి విడిచిన పిల్ల అప్పటికి అయిదవ తరగతి ముగించుకొని ఆరవ తరగతికి వచ్చియుండెను. ఆమె చదువవలసినది ఇక ఉన్నత పాఠశాలలోనే.